ఎర్ర స్టాండు, నల్ల స్టాండు

బత్తలపల్లెలో ధర్మవరం రోడ్డు పక్కన కుళ్లాయప్ప మెకానిక్ షెడ్డు. పొద్దున పదకొండు గంటలు. పక్క పల్లె రైతు వీరేష్, భార్య మహేశ్వరి మోటార్‌సైకిల్ మీద వచ్చి ఉన్నారు. వీరేష్ చేతిలో విప్పిన అట్టపెట్టె.

“ఏందప్పా వీరేషూ ఇది? పిల్లోళ్ల ఉయ్యాల కొనుక్కొచ్చినావా?”

“స్టాండన్నా. బండి ఎనక చక్రం లేపి నిలబెట్టే స్టాండు. ఫోన్లో తెప్పించినా.”

“ఫోన్లోనా! ఈడ నేనొకణ్ణి ముప్పై ఏండ్లుగా చేతులు నల్లగా చేసుకోని కూర్చోనుండానే, కనపడలేదా?”

“కనపడినావు కాబట్టే వచ్చినా కదన్నా. దీన్ని బండికి ఎట్ల తగిలించల్లో తెలుస్తాలేదు. కాగితంలో బొమ్మలేసినాడు గానీ, ఒగటీ అర్థం కాలేదు.”

“కొనేటప్పుడు ఏం చూసి కొన్యావు?”

“అందరూ బాగుండాదని రాసినారన్నా. ఎర్రగా ఉండాది కదా, మన బండి రంగే.”

“విన్నావా మహేశ్వరీ? నీ మొగుడు స్టాండు కొనలేదు, రంగు కొన్యాడు.”

“నన్నడగొద్దన్నా. గట్టి స్టాండు చేయించు మామా అని నెల దినాలుగా చెప్తాండా. నిన్న ఈ పెట్టె వచ్చింది.”

“ఇట్లియ్యప్పా చూస్తా. అబ్బబ్బ, ఏం బరువు! చిటికెన వేలితో లేపొచ్చు. ఇది యాటికి వాడతారో తెలుసా? బండి కడుక్కునేదానికి. చైనుకు ఆయిలు పెట్టుకునేదానికి. పట్నంలో, నున్నటి బండల మీద, ఆదివారం పూట, నిక్కరేసుకోని. నీకేం పని దీంతో?”

“అదేనన్నా. కడుక్కుందామని.”

“మీ ఊర్లో కొళాయి మూడు దినాలకోసారి వదుల్తారు. ఆడోళ్లు బిందెలు పెట్టుకోని కొట్లాడతాండారు. నువ్వు బండికి నీళ్లు పోస్తావా?”

“చైనుకు ఆయిలన్నా పెట్టుకోవల్ల కదా.”

“వంగి చూడు ఆ చైను. ఆయిలు మొగం చూసి రెండేండ్లయినట్లుండాది. నాకాడ కతలు చెప్పొద్దు. నిజం చెప్పు, యాటికి?”

“చెప్పు మామా. అన్న కాడ దాపరికమేంది?”

“నువ్వు గమ్మునుండే.”

“శెనక్కాయకన్నా.”

“గమ్మునుండమంటి కదా!”

“ఓహో, శెనక్కాయకా! చక్రం మీద కాయ కొడతావా?”

“అందరూ కొడతాండారు కదన్నా. ఎనక చక్రం పైకి లేపి, గేరేసి యాక్సిలేటరు తిప్పితే గిర్రున తిరుగుతాది. చెట్లు పిడికెడు పట్టుకోని కాయ పక్క చక్రానికి ఆనిస్తే టపటపా రాల్తాది. కింద పట్ట పరిస్తే సరిపాయె.”

“నాకే పాఠం చెప్తాండావా? ఈ మండలంలో సగం బండ్లకి దానికోసం స్టాండు కట్టింది నేను. కాయ కొట్టే మిషనోణ్ణి పిలవకపోతివా?”

“రెండెకరాలకి మిషనోడు రాడన్నా. వానల్లేక చెట్టుకి ఐదారు కాయలుండాయి. కూలోళ్లు చేను చూసి మొగం తిప్పుకోని పాయిరి.”

“సరే. ఈ బండికి సైడు స్టాండొక్కటే ఉండాది. డబుల్ స్టాండు లేదు. పోయినేడు ఎట్ల కొట్టినావు?”

“ఎట్లనో కొట్టినాంలే.”

“ఎట్ల?”

“రాళ్లు పెట్టి.”

“ఏం పెట్టి?”

“ఇంజను కింద అటు రెండు, ఇటు రెండు రాళ్లు పేర్చి...”

“రాళ్లు! ఇంజను కింద! నీకు బండి అమ్మినోణ్ణి తన్నల్లప్పా ముందు. పొయ్యి అనుకున్యావా, రాళ్ల మీద పెట్టేదానికి?”

“ఏం, నడిచింది కదన్నా. చేనంతా కొట్టినాము.”

“అంతా కొట్టలేదన్నా. నాలుగు మోపులు ఉండంగానే బండి రాళ్ల మీద నుంచి పడింది.”

“పడలేదు. రవ్వంత జరిగింది.”

“జరిగిందా మామా? జరిగితే ఈ చెయ్యేంది?”

“ఏదీ మహేశ్వరీ, చూపీ.”

“ఏంలేదన్నా, చిన్న గీత...”

“నిన్నడగలా. నువ్వు చూపీ తల్లీ. అయ్యో. ఈ మూడు వేళ్లు ముడవవా?”

“ముడవవన్నా. కొడవలి పట్టుకోలేను. బిందె జారిపోతాది. ముద్ద గూడా స్పూనుతోనే తింటాండా, చిన్నపిల్లోళ్ల మాదిరి.”

“కుట్లు ఎన్ని పడినాయి?”

“తొమ్మిది.”

“తొమ్మిది కుట్ల గీత! బాగుండాదప్పా నీ కొలత. అయితే చక్రం కాడ నిలబడింది ఈ పాప. నువ్వేం చేస్తాంటివి?”

“యాక్సిలేటరు ఎవరు పట్టుకోవల్లన్నా? అదేమన్నా తక్కువ పనా? ఎక్కువ తిప్పగూడదు, తక్కువ తిప్పగూడదు. ఒకే మాదిరి పట్టుకోవల్ల. పొద్దు మునిగేసరికి మణికట్టు పీకుతాది.”

“పాపం. సీటు మీద కూర్చోనా?”

“కూర్చోకపోతే బండి అదురుతాది కదన్నా.”

“కూర్చోని పట్టుకున్యాడన్నా. చెవుల్లో పాటలు గూడా పెట్టుకున్యాడు.”

“పని చేసేటప్పుడు పాటలు పెట్టుకుంటే తప్పా?”

“తప్పేముందప్పా? నీకు గొడుగు పట్టేదానికి ఒక మనిషి తక్కువైనాడు, అంతే. ఇప్పుడు నీ ఎర్ర ఉయ్యాల సంగతి చెప్తా, విను. దీని కాళ్లు నా బొటనవేలంత. కింద చిన్న చక్రాలు గూడా పెట్టినాడు, జరుపుకునేదానికి. నువ్వు పెట్టేది యాడ? చేన్లో, దున్నిన మన్నులో. గేరేసి చక్రం తిప్పినావంటే ఒక కాలు కుంగుతాది. బండి ఆ పక్కకే ఒరుగుతాది. చెట్లు పట్టుకున్న చెయ్యి యాడుంటాది? చక్రం చువ్వల్లో! నీ రాళ్లే నయం దీనికంటే.”

“అయితే డబుల్ స్టాండు కొట్టన్నా. పాత బండిది ఏదన్నా ఉంటే.”

“ఉండాది. సంతలో నిలుపుకో, బస్టాండులో నిలుపుకో, దానంత మంచిది లేదు. మూటలేసినా పడదు. చేన్లో మాత్రం పనికిరాదు. డబుల్ స్టాండు ఎట్ల తీస్తావు నువ్వు?”

“బండిని ముందుకి తోస్తా. అదే మడుచుకుంటాది.”

“అంతే కదా? స్టాండు దిగబడి, తిరిగే చక్రం నేలకి తగిలిందంటే చాలు. నువ్వు తోయాల్సిన పని లేదు, బండే తోసుకోని పోతాది. నువ్వు పైన పాటలు వింటా పోతావు. ఈ పాప?”

“అన్నిటికీ ఏదోటి చెప్తావు. ఏం చేయమంటావో అది చెప్పు.”

“అదో, ఆ మూల నల్లగా ఉండాదే, అది.”

“అదా? అదేమన్నా స్టాండా? ఇరిగిన మంచం మాదిరి ఉండాది.”

“మంచమే అనుకో. నాలుగు కాళ్లూ గట్టి ఇనుము. కాలి కింద జానెడు రేకు, మన్నులో దిగకుండా. రేకులో చిల్లి, చిల్లిలో గూటం దిగ్గొడితే ఇంక కదిలేది లేదు. ఈ అడ్డకమ్మీ చూడు. చెట్లు లోపలికి పోతాయి, చెయ్యి దీన్ని దాటదు. పోయిన నెల తిప్పమ్మోళ్లు ఎత్తుకోని పోయి మూడెకరాలు కొట్టినారు. వాళ్ల వేళ్లు లెక్కపెట్టుకో పో, అన్నీ ఉండాయి.”

“బండికి ఎట్ల తగులుకుంటాది అది?”

“ఎనక చక్రానికి రెండు పక్కలా బోల్టులు బిగిస్తా. నాలుగంగుళాలు బయటికి పొడుచుకోని ఉంటాయి, స్టాండు వాటికే తగులుకుంటాది. సైలెన్సరు మీద ఆ తళుకు రేకు పీకేయల్ల. ఈ పక్క స్టిక్కరు పోతాది.”

“స్టిక్కరు పోతాదా?”

“పోతాది.”

“వద్దన్నా! వద్దే వద్దు. ఏడాదంతా ఆ బోల్టులేసుకోని తిరగల్లా నేను? ధర్మవరం పోతే నవ్వుతారు. పాలోని బండి అంటారు.”

“పాలోడు నీకంటే మేలు. ఆయప్ప బండి పడితే పాలు పోతాయి, అంతే.”

“నీకు తెలీదన్నా. ఈ బండిని చూసి మా పెదనాయన కొడుకులు కుళ్లుకుంటాండారు.”

“కుళ్లుకోకేం చేస్తారు? పెండ్లాం బిందె ఎత్తలేదు, మొగుని బండికి తళుకు రేకు. యాడ చూస్తారప్పా ఇట్లాంటి వైభోగం?”

“ఊరికే ఎగతాళి చేయొద్దన్నా. జాగర్తగా పట్టుకుంటే ఏం కాదు. పోయినేడు ఈమె పరధ్యానంలో ఉండింది. చేతినిండా గాజులేసుకోనుండింది. గాజు చువ్వకి తగులుకున్యాది.”

“ఇప్పుడు తప్పు గాజులదయ్యె!”

“గాజు కాదన్నా. బండి ఒరిగింది. ఆపు మామా, ఆపు మామా అని గొంతు పోయేట్ల అరిచినా. పాటల్లో వినపడలేదంట.”

“ఎన్నిసార్లు చెప్తావే అదే మాట?”

“నువ్వు ఒక్కసారి గూడా వినలేదు కాబట్టి చెప్తాండా.”

“చూడు వీరేషూ, ఎగతాళి చాలు. ఎర్రది నేను తగిలించను. కాయ కొట్టేదానికైతే నా చేతులతో తగిలించను. కావాలంటే నల్లది ఎత్తుకోని పో, పని అయినాక తెచ్చియ్యి. నాకేం ఇయ్యొద్దు.”

“ఇయ్యడం కాదన్నా, బండి చెడిపోతాదంటాండా.”

“బండి చెడిపోతాది. బండి!”

“నువ్వు కాకుంటే అనంతపురంలో వంద మంది ఉండారు తగిలించేటోళ్లు. మబ్బు చూసినావా? ఏడాదంతా మొగం చూపియ్యని వాన రేపో ఎల్లుండో వస్తాదంట. పీకి పెట్టిన చెట్ల కుప్ప తడిస్తే ఆ ఐదారు కాయలు గూడా నల్లబడతాయి. నీ ఉపన్యాసం వింటా కూర్చుంటే నాకెట్ల?”

“పో అయితే. దావ అదే.”

“పోతా. లేయే మహేశ్వరీ. ఎర్రది నేనే బిగిస్తా. రాళ్ల మీద కొట్టినోణ్ణి, ఇదెంత నాకు? నువ్వేం భయపడొద్దు. నేనుంటా కదా.”

“సరే మామా. ఎర్రదాంతోనే కొడదాం.”

“పాపా, ఏమంటాండావు? మతి పోయిందా నీకు గూడా?”

“మతి ఉండాదన్నా. భయపడొద్దని మామే చెప్తాండాడు. జాగర్తగా పట్టుకుంటే ఏం కాదని ఆయప్పే చెప్తాండాడు. నమ్మకుంటే ఎట్ల?”

“అట్ల చెప్పే! విన్నావా అన్నా? ఆమెకే లేని భయం నీకేంది?”

“కాకపోతే ఒగటి మామా. ఈ చెయ్యి చెట్లు పట్టుకోలేదు. మూడు వేళ్లు ముడవకపోతే పిడికిలి యాడ నిలుస్తాది? యాక్సిలేటరుకైతే అరిచెయ్యి చాలు, ఆనించి తిప్పొచ్చు.”

“అంటే?”

“అంటే సీటు మీద నేను కూర్చుంటా. చక్రం కాడ నువ్వు నిలబడు.”

“నువ్వా? నీకు... నీకు బండి తోలేది రాదే!”

“నిలబడిన బండిని తోలేదేముంది మామా? గేరు నువ్వే ఏసియ్యి, తిప్పేది నేను తిప్పుతా. ఎక్కువ తిప్పను, తక్కువ తిప్పను. పాటలు గూడా పెట్టుకోను. నువ్వు అరిస్తే వినపడతాది.”

“శబాష్! ఏమప్పా వీరేషూ, అట్లనే నిలబడినావే? ఇంగేం, ఎర్రది ఎత్తుకో. మబ్బు పట్టుకున్యాది, బిర్నా పోండి.”

“పదా మామా, పోదాం.”

“ఉండే... కుళ్లాయప్పన్నా, ఆ నల్లదానికి ఇంకో అడ్డకమ్మీ గూడా ఏస్తావా?”