ఉల్లంకి పిట్టలకు పూచీ

"అమ్మమ్మా, నువ్వు పక్షుల సైంటిస్టువంట గదా. సముద్రం కాడ ఏదో ఊళ్ళో నిన్ను కట్టేశారంట, నిజమేనా?"

కట్టెయ్యటమేందే! ఎవురు జెప్పారు నీకు? మీ అమ్మే అయ్యుండిద్ది. మా చెల్లెలు సగం ఇని చెప్పిద్ది, దాని కూతురు మిగతా సగం కల్పించిద్ది. కట్టెయ్యలా. జీపు టైర్లలో గాలి తీశారు, అంతే. నన్నెవురూ ముట్టుకోలా. ముట్టుకుంటే ఊరుకుంటానా, గురజాల దాన్ని! కూర్చో, చెప్తా. ఫోను రికార్డింగులో పెట్టావా? పెట్టుకో, నాకేం భయం.

మనది మెట్ట గదా. మిరపా, పత్తీ, నాపరాళ్ళూ. డిగ్రీకొచ్చిందాకా నేను సముద్రం మొహమే చూళ్ళా. నరసరావుపేటలో జువాలజీ చదివేటప్పుడు మా మేడమొకావిడ క్లాసందర్నీ బస్సెక్కించి బాపట్ల అవతల తీరానికి తీసకపోయింది. అప్పటి బస్సు టిక్కెట్టు డబ్బుకి ఇప్పుడు చాక్లెట్టు గూడా రాదులే. పిల్లలందరూ అలల్లోకి ఉరికారు. నేను మాత్రం ఎనకాల, ఉప్పునీటి పాయ ఉండిద్ది చూడు, ఆ బురద కాడ నిలబడిపోయా. బురద నిండా పిట్టలు. పిచ్చిక్కన్నా కాస్త పెద్దయ్, బూడిద రంగు, సన్నటి కాళ్ళు, పొడుగు ముక్కు. ముక్కు బురదలో దించటం, తియ్యటం, దించటం, తియ్యటం, కుట్టుమిషను సూది లాగ.

"ఇయ్యేంది మేడం?" అనడిగా.

"ఉల్లంకులమ్మా. మంచుదేశాల్లో గుడ్లు పెడతయ్. చలికాలం అక్కడ తిండి దొరక్క మన దగ్గరికొస్తయ్" అంది.

పిడికిట్లో పట్టేంత పిట్ట! సైబీరియా నుంచి రెక్కలాడించుకుంటా మన బురదలోకి! ఇంకేముంది, నా పని అయిపోయింది ఆ రోజే.

మా నాయన అన్నాడూ, "పిట్టల్ని చూస్తే ఎవురన్నా జీతమిస్తారంటే?" అని. ఇస్తారు నాయనా అన్నా. ఇచ్చారు గూడా. తర్వాత ఆయనే పంచాయతీ ఆఫీసు కాడ కూర్చుని "మా పెద్దది సైంటిస్టు" అని కనపడ్డోళ్ళకల్లా చెప్పేవోడు. మా ఆయనది కరెంటాఫీసులో పని. "నువ్వు పోయిరా, పిల్లదాన్ని నేను చూసుకుంటా" అనేవోడు. చారు మాత్రం నీళ్ళు నీళ్ళుగా పెట్టేవోడు, పాపం. ఏం చెప్తన్నా? ఆఁ, పని.

ఏం లేదే. వల కట్టటం, పడ్డ పిట్టని జాగర్తగా తీసి తూకమెయ్యటం, రెక్క కొలవటం, కాలికి చిన్న ఉంగరం, దానిపైన రంగు బిళ్ళ. అయినాక వదిలెయ్యటం. యాడో ఇంకో దేశంలో మనలాంటోళ్ళు ఆ బిళ్ళ చూస్తే కబురు పెడతారు. అట్టా దాని దోవ తెలిసిద్ది. చేతిలో పట్టుకుంటే దాని గుండె మన వేళ్ళకి కొట్టుకునిద్ది చూడు... ఎన్నేళ్ళు చేసినా నాకా ఒణుకు పోలా.

సరే, ఆ ఊరి సంగతి. పేరెందుకులే, మంచి ఊరే. ఆడా అట్టాంటి ఉప్పునీటి పాయే, పిట్టలకి బిళ్ళలేస్తా ఉన్నా. ఎండలు ముదురుతా ఉన్నయ్. పిట్టలు తిరిగి పోబోయే ముందు తెగ తింటయ్. ఆ పట్టిన కొవ్వే వాటికి దారి బత్తెం. అప్పుడు బెదరగొడితే దోవలోనే రాలిపోతయ్. సరిగ్గా అప్పుడే ఊళ్ళో కోళ్ళు చావటం మొదలెట్టినయ్. టీవీలో చూస్తే బర్డ్ ఫ్లూ, బర్డ్ ఫ్లూ అని ఒకటే గోల. ఒకరోజు పొద్దున్నే జనం నా జీపు చుట్టూ మూగారు. నాగరత్నమని ఒకావిడ, మొగుడు పోయినాక కోళ్ళ మీదే పిల్లల్ని చదివించుకుంటంది, చచ్చిన పెట్టని తెచ్చి జీపు ముందు బానెట్టు మీద ఏసింది.

"నీ పిట్టలే తెచ్చినయ్ ఈ మాయరోగం! కాళ్ళకి ఏందేందో కట్టి వదిలేది నువ్వేగా!"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నాకు కోపం రాలా. ఎట్టా వచ్చిద్దే? కుర్రోళ్ళేమో దీపావళి బాంబులు కాల్చి పిట్టల్ని తోలేద్దామంటారు. ఇంకొకడు బురదలో పురుగుమందు పోద్దామంటాడు. అప్పుడు సర్పంచి ముందుకొచ్చి, "చెప్పమ్మా, నీ పిట్టలు తేలేదని చెప్పగలవా?" అన్నాడు.

"చెప్పలేనండి. నాకు తెలీదు" అన్నా.

ఇంక చూస్కో అరుపులు! నేను గూడా గొంతు పెంచా. "నాకే కాదు, పరీక్ష చెయ్యకుండా ఎవురికీ తెలీదు. కోళ్ళకీ తీయిస్తా శాంపిల్సు, పిట్టలకీ తీస్తా. పిట్టలే తెచ్చినయ్యని తేలితే మీ గుడి మైకులో నేనే చెప్తా. నిజంగా వాటికి రోగముంటే, మీరు తోలితే యాడికి పోతయ్? పక్కూరికి. వాళ్ళ కోళ్ళు చావాల్నా? రిపోర్టు వచ్చిందాకా బాంబుల్లేవు, మందుల్లేవు. అప్పటిదాకా నేను ఈడే ఉంటా. యాడికీ పోను."

సర్పంచి కుర్రోళ్ళని ఎనక్కి నెట్టి, "ఉండు మరి" అన్నాడు. పోతానేమోనని కుర్రోళ్ళు గాలి తీశారు. మీ అమ్మ కట్టేశారంటది చూడు, అదీ అసలు కత.

స్కూల్లో ఒక గదిచ్చారు. మా ఆఫీసరు ఫోన్లో ఒకటే కంగారు. "పోలీసుల్ని పంపిస్తానమ్మా, వచ్చెయ్" అంటాడు. "వద్దు సార్, నేను కదిలితే బురద మీద బాంబులు పేల్తయ్" అన్నా. పశువుల డాక్టరొచ్చి కోళ్ళని చూసి శాంపిల్సు తీశాడు. నేను పిట్టల్ని పట్టి, పుల్లకి చుట్టిన దూదితో గొంతులో తడి తీసి పంపించా. కోళ్ళు మెడ తిప్పుకుంటా, గిర్రున తిరిగి పడిపోతన్నయ్. మా అమ్మ ఉన్నప్పుడు మన దొడ్లో గూడా అట్టానే అయితే, "కొక్కెర తెగులొచ్చిందే" అని తల కొట్టుకునేది. నా మనసులో అదేనని ఉంది. కానీ బయటికి అన్లా. బర్డ్ ఫ్లూలో గూడా కొన్నిసార్లు అట్టానే ఉండిద్దంట. మనసుకి తోచింది రిపోర్టు కాదుగా?

భయమెయ్యలేదా అంటే, ఏసింది. కొట్టేస్తారని కాదు. సాయంత్రాలు పాయ కాడికి పోయి కూర్చునేదాన్ని. పిట్టలు మాత్రం వాటి తిండేందో వాటిదే. "ఒకేళ మీరేనంటే?" అనుకునేదాన్ని. మాటిచ్చా గదా, చెప్పాల్సిందే. ఇన్నేళ్ళు ఎంటబడి తిరిగిన పిట్టల మీద నా నోటితోనే. దానికీ సిద్ధపడ్డా, ఏమనుకున్నావ్!

రిపోర్టొచ్చింది. పిట్టల్లో ఏ రోగమూ లేదు. కోళ్ళకి కొక్కెర తెగులే. పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి చదివా. నాగరత్నం, "మరి మిగిలిన కోళ్ళ సంగతేంది?" అంది.

చూశావా, అడగాల్సింది అదే! డాక్టరుకి ఫోన్ చేసి టీకా మందు తెప్పించా. ఇంటింటికీ తిరిగాం. కోడిని ఆవిడ పట్టుకుంటే కంట్లో చుక్క నేనేశా. నా చేతులు చూసి, "కోళ్ళు నీకు కొత్త కాదే!" అంది. కొత్త కాదు తల్లో, మాది పల్నాడు అన్నా. అప్పుడు నవ్వింది మొదటిసారి. పోయినయ్ పోయినయ్, మిగిలినయ్ నిలబడినయ్.

నేను బయల్దేరే రోజు సాయంత్రం నాగరత్నం నాతో పాయ కాడికి వచ్చింది. అప్పటిదాకా బురదలో మేస్తన్న గుంపు ఉన్నట్టుండి ఒకటే కిచకిచ. ఒక్కసారి లేచినయ్. మా మీదుగా ఒక చుట్టు తిరిగి, ఉత్తరం దిక్కు పట్టి, పైకి, ఇంకా పైకి... నల్ల గీత లాగ అయిపోయినయ్. ఆవిడ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తానే ఉంది.

"ఇంత పిట్ట, అంత దూరం... మధ్యలో తిండీ తిప్పలూ?"

"దోవలో ఆగుతయ్, ఆగనిచ్చిన చోట."

"మళ్ళెప్పుడొస్తయ్?"

"వానలెళ్ళినాక."

ఇంటి దోవ పడతా, "అప్పుడు నువ్వు గూడా రా" అంది.

పోయా. రిటైరయ్యిందాకా ఏటేటా పోయా. వాళ్ళింట్లోనే దిగేదాన్ని. క్షమించమని ఆవిడా అడగలా, నేనూ అడగనియ్యలా.

చాల్లే, ఆపింక ఆ ఫోను, గొంతెండిపోయింది. మీ నాయన నిన్నేందో చదవమంటన్నాడు, నువ్వేందో అంటన్నావు, మీ గొడవ నాకెందుకు గానీ... ఒళ్ళు మరిచి చేసే పని దొరకాల తల్లీ నీకు. తెల్లారితే లేచి ఉరకాలనిపించే పని. అది దొరికితే ఎవురికీ తల వంచేదుండదు. చల్లగుండు. అదుగో, మబ్బేసినట్టుంది, కళ్ళంలో మిరపకాయల మీద పట్టా కప్పారో లేదో...