చూడకుండా బిగించే మూత

టార్చిలైట్లు బిగించే గదిలో భోజనాల వేళ వదినా మరదళ్ళిద్దరే మిగిలారు. వదిన గీసి చేయించిన కొత్త టార్చి నమూనాను మరదలు చేతిలో తిప్పి చూస్తోంది.

"స్క్రూలేవీ వదినా? మింగేశావా?"

"కళ్ళు మూసుకుని మూత పెట్టు. దొంగచూపులు చూడకు."

"తిరగేసి పెడితేనో? అమ్మ చేసే పొరపాటు అదేగా. చూపు ఆనక మూతలు తిరగేస్తోందనేగా, సోమవారం నుంచి పని మానెయ్యమన్నారు!"

"తిరగేసే పెట్టి చూడు మరి."

"పట్టడం లేదే! ఒక కొక్కెం లావు, ఒకటి సన్నం."

"లావుది లావు కన్నంలోకే పోతుంది."

మరదలు వేళ్ళతో తడిమి, మూత తిప్పి నొక్కింది. టిక్కుమని పడింది.

"అమ్మో! నీ బుర్రకి దండం పెట్టాలి. యజమాని ఒప్పుకున్నాడా?"

"స్క్రూల ఖర్చు తప్పుతుంది, పని త్వరగా తెములుతుంది అన్నాను. ఎగిరి గంతేశాడు. సోమవారం నుంచి అందరూ ఇవే బిగించాలట, ఎవర్నీ మానిపించడట."

"అమ్మ కోసమని చెప్పలేదా?"

"చెబితే నమ్ముతాడా? అత్త కోసం టార్చి మార్చిన కోడల్ని ఎక్కడైనా చూశావా?"

మరదలు నవ్వింది కానీ కళ్ళు తెరవలేదు. తెరిస్తే నీళ్ళు జారేట్టున్నాయి.

"ఇక చాల్లే, కళ్ళు తెరువు."

"ఉండు వదినా, ఇంకోటి ఇయ్యి. సోమవారం నుంచి అమ్మ ఇలాగేగా బిగించేది."