నల్లరాయి పక్క చోటు

నా పేరూ చిరునామా పోలీసు అధికారి గారు పైన రాసుకున్నారు. వయసు యాభై నాలుగు. కంటి పరీక్షల్లో డిగ్రీ చదివాను. మార్కెట్ వెనక వీధిలో కళ్లద్దాల దుకాణం నాది. భార్య పోయిన ఏడాది చనిపోయింది. పిల్లలు లేరు.

శనివారం ఉదయం సముద్రంలో జరిగిన దాని గురించి నేను చూసింది చెబుతున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. బతిమాలారు. అది తర్వాత చెబుతాను.

నేను సముద్రంలో దిగను. ఈత రాదు. నా భార్య మునిసిపల్ కొలనులో పిల్లలకి ఈత నేర్పేది. పనికి వెళ్లే ముందు రోజూ సర్ఫింగ్ చేసేది, బోర్డు మీద నిలబడి అలల మీద వచ్చేది. నేను వెంట వెళ్లి గట్టు మీద కూర్చునేవాణ్ని. బోర్డుతో దిగేవాళ్లకి జేబులుండవు కనక బండి తాళం నా చేతిలో పెట్టేది. ఆమెను చూసి మిగతావాళ్లూ పెట్టడం మొదలుపెట్టారు. ఆమె పోయాక కూడా పెడుతున్నారు. అందుకే ఇప్పటికీ ఉదయం పూట అక్కడే ఉంటాను. వేరే కారణం రాయనక్కర్లేదు.

అక్కడి పద్ధతులు ఏమిటని అధికారి గారు అడిగారు. అల ముందుగా ఒక చోట విరుగుతుంది. ఇక్కడ నల్లరాయి పక్కన విరుగుతుంది. ఆ చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్లది. ఒక అల ఒక్కరిదే. ఒకరు ఎక్కి వస్తుంటే వాళ్ల దారిలోకి ఇంకొకరు రాకూడదు. వస్తే గుద్దుకుంటారు. ఏ సముద్రంలోనైనా ఇదే మర్యాద అని నా భార్య చెప్పేది. దీనిపైన ఇక్కడివాళ్ల మర్యాద ఇంకొకటి ఉంది. అల కోసం అందరూ నీళ్లలో బోర్డుల మీద వరసగా కూర్చుంటారు. కొత్తవాళ్లు చివర కూర్చోవాలి. పాతవాళ్లను పలకరించాలి. వాళ్లు వదిలేసిన అలలు తీసుకోవాలి. నెలలు గడిచాక కొంచెం కొంచెం లోపలికి జరగొచ్చు. ఇది ఎక్కడా రాసి ఉండదు. తప్పితే తిడతారు. బండి టైర్లలో గాలి తీసేస్తారు.

నా భార్య పోయాక ఇంకో పద్ధతి వచ్చింది. రాయి పక్కన ఆమె కూర్చునే చోటులో ఎవరూ కూర్చోకూడదు. పెట్టింది ఆమె తమ్ముడు, నా బావమరిది. బోర్డులు బాగుచేసే వర్క్‌షాపు నడుపుతాడు. నీళ్లలో అతని మాటకి ఎదురు లేదు.

ఆమె సముద్రంలో పోలేదు. ఆసుపత్రిలో పోయింది, రక్తం జబ్బుతో. అందరూ సముద్రమే అనుకుంటారు. అందుకని చెప్పాను. అక్కర్లేకపోతే కొట్టెయ్యండి.

మొదట్లో ఆ పద్ధతి నాకూ బాగానే ఉంది. తర్వాత బాగాలేదు. మంచి అల వస్తుంది. ఎవరూ కదలరు. అది ఒంటరిగా విరిగి ఒడ్డుకి వస్తుంది. ఇంకొకటి వస్తుంది. అదీ ఒంటరిగానే వస్తుంది. ఆమె ఉండగా అలా ఎప్పుడూ జరగలేదు. తనకి ఓపిక లేని రోజున పక్కవాళ్లను "వెళ్లు వెళ్లు, నీదే" అని తరిమేది. గట్టు దాకా వినపడేది. ఎండాకాలంలో బావమరిదితో అన్నాను.

"ఆ చోటు ఎవరో ఒకరు తీసుకోండిరా. ఇంక చాలు."

"అది అక్కది బావా."

"అక్క లేదు కదరా."

"నీకు లేదేమో" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు మాటల్లేవు. ఒక రోజు వచ్చి తాళం నా ఒళ్లో పడేసి వెళ్లాడు. అంటే మాట్లాడినట్టే. నేను మళ్లీ ఆ విషయం ఎత్తలేదు.

శనివారం ఆరున్నరకి, ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్న కుర్రాడు గట్టు దగ్గరికి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఉద్యోగం మీద ఈ ఊరికి కొత్తగా వచ్చాడు. రెండు వారాలుగా చివర కూర్చుంటున్నాడు. రోజూ అందరినీ పలకరిస్తాడు. ఎవరూ బదులు పలకరు.

"సార్, తాళాలన్నీ మీ దగ్గరే పెడతారంట కదా. నాదీ ఉంచుతారా?"

"ఇవ్వు."

"ఇంకోటి అడగనా సార్? ఆ నల్లరాయి పక్కన ఎవరూ కూర్చోరేంటి? అడుగున ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు."

"మరి నేను కూర్చోవచ్చా? వాళ్లని అడిగితే మొహం తిప్పుకుంటున్నారు."

అతని తాళం జేబులో వేసుకున్నాను. తర్వాత "కూర్చో" అన్నాను.

"ఎవరన్నా ఏమన్నా అంటే?"

"నేను చెప్పానని చెప్పు."

ఇక్కడ అధికారి గారు రాయడం ఆపి, అలా ఎందుకు చెప్పారని అడిగారు. అతను అడిగాడు కనక చెప్పాను. ఇన్నాళ్లలో నన్ను అడిగినవాడు అతనొక్కడే. ఆ చోటు ఇవ్వడానికి నాకేం హక్కు ఉందంటే నాకు తెలియదు. మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగనివాణ్ని. దాన్ని ఖాళీగా ఉంచడానికి వాళ్లకి ఎంత హక్కుందో, ఇవ్వడానికి నాకూ అంతే ఉందనుకున్నాను.

ఆ రోజు గాలి ఒడ్డు వైపు ఉంది. మాటలు గట్టు దాకా వచ్చాయి. కుర్రాడు రాయి దగ్గరికి చేరగానే అందరూ అటు తిరిగారు. ముందు నోరు విప్పింది రేడియో. మందుల షాపులో పనిచేస్తాడు. నోటికి మూత ఉండదని ఆ పేరు పెట్టారు.

"ఏం బాబూ, మేమంతా మెట్లెక్కీ ఎక్కీ ఇన్నేళ్లకి ఇక్కడికొచ్చాం. నువ్వు లిఫ్టులో తిన్నగా పై అంతస్తుకి వచ్చేశావా?"

కొందరు నవ్వారు. కుర్రాడూ నవ్వాడు. "గట్టు మీద సారే కూర్చోమన్నారన్నా" అన్నాడు.

"అబద్ధాలాడకు. బావ ఆ మాట అనడు" అన్నాడు బావమరిది. అని నా వైపు తిరిగి చూశాడు.

నేను లేచి నిలబడ్డాను. అవునని చెయ్యెత్తాను. అతను చాలాసేపు చూశాడు. నేను చెయ్యి దించలేదు.

తర్వాత పెద్ద అల వచ్చింది. రాయికి దగ్గరగా ఉన్నది కుర్రాడు. అల అతనిది. లేచి నిలబడి వస్తున్నాడు. బావమరిది అతని దారిలో అదే అల ఎక్కాడు. కుర్రాడు "వస్తున్నా, వస్తున్నా" అని అరిచాడు. బావమరిది తల తిప్పి అతన్ని చూశాడు. అప్పుడు కూడా తప్పుకోవచ్చు. అల వెనక్కి దిగిపోవచ్చు. నా భార్య అలా దిగిపోవడం ఎన్నోసార్లు చూశాను. అతను దిగలేదు. బోర్డు ముక్కును కుర్రాడి మీదికి తిప్పాడు. ముందు చూశాడు, తర్వాత తిప్పాడు. దయచేసి ఆ వరసలోనే రాయండి.

కోపం నా మీద. నేను గట్టు మీద ఉన్నాను. కుర్రాడు దగ్గర ఉన్నాడు.

కుర్రాడు రాయి మీద పడ్డాడు. మిగతావాళ్లు కదిలేలోపే బావమరిది బోర్డు వదిలేసి ఈదుకుంటూ వెళ్లి అతన్ని పట్టుకున్నాడు. ఒడ్డుకి మోసుకొచ్చింది కూడా అతనే. ఇదీ రాయాలి. కుర్రాడికి భుజం దగ్గర ఎముక విరిగింది. కనుబొమ మీద కోత పడింది. అలవాటు కొద్దీ ముందు కన్ను చూశాను. కన్ను బాగుంది. నా వేళ్లు ఎన్ని కనిపిస్తున్నాయని అడిగాను. "సార్, నా తాళం మీ దగ్గరే ఉంది కదా" అన్నాడు.

అంత దూరం నుంచి స్పష్టంగా కనిపించిందా అని అధికారి గారు అడిగారు. కనిపించింది. మబ్బు పట్టి ఉంది, ఎండ కళ్లలో పడలేదు. అద్దాలు పెట్టుకునే ఉన్నాను. గత నెలలోనే పరీక్షించుకుని మార్చుకున్నాను.

ఆ సాయంత్రం దుకాణం మూసే వేళకి రేడియో, ఇంకో ఇద్దరు వచ్చారు.

"అన్నయ్యా, మేమంతా కళ్లలో ఉప్పునీళ్లు పడ్డాయి, ఏం కనపడలేదని చెప్పేశాం. నువ్వూ అదే మాట అనేయ్."

"ఎనిమిది మందికీ ఒకేసారి పడ్డాయా?"

"సముద్రం కదన్నయ్యా."

"నేను గట్టు మీద ఉన్నాను కదా."

"పోనీ అద్దాలు ఇంట్లో మర్చిపోయానను."

"కళ్లద్దాలు అమ్ముకునేవాణ్ని రా నేను."

వాళ్లు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పోయేముందు రేడియో అన్న మాట ఇది: "అక్క పోయిందని నీళ్లలో అంతమందిమి ఏడ్చాం అన్నయ్యా. ఇప్పుడు తమ్ముణ్ని నువ్వే లోపలేయిస్తావా?"

ఆ మాట నిజమే. ఇలాంటి గొడవలో బావమరిదిని ఇదివరకు ఒకసారి హెచ్చరించి వదిలేశారు. ఈసారి కావాలని చేశాడని తేలితే శిక్ష పడుతుంది. వర్క్‌షాపు మూతపడుతుంది. నాకు మిగిలిన మనిషి అతనొక్కడే. ఆదివారాలు ఇంటికొచ్చి గ్యాసు సిలిండరు మారుస్తాడు, నాకు చేతకాదని. నాకు చేతనవును. ఇది మాత్రం కొట్టెయ్యండి.

చెప్పింది కొట్టెయ్యడం కుదరదని అధికారి గారు అన్నారు. సరే, ఉంచండి.

ఈ వాంగ్మూలం మధ్యలో ఆయన ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు నేను వరండాలోకి వెళ్లాను. బావమరిది బెంచీ మీద ఉన్నాడు. పక్కన కానిస్టేబుల్ ఉన్నాడు. జరిగిన మాటలు దాచడం లేదు.

"చూడలేదంటే సరిపోయేది కదా బావా."

"చూశాను కదరా."

"చంపుదామనుకున్నానా ఏంటి? బెదిరిద్దామనుకున్నాను."

"ఆ మాట నువ్వు లోపలికొచ్చి చెప్పు."

"ఆ చోటు ఇచ్చేముందు నాతో ఒక మాట అనాల్సింది" అన్నాడు.

"ఎండాకాలంలోనే అన్నాను."

"అది అనడమా బావా? ఒకసారి అని ఊరుకున్నావు. అక్కయితే నాతో పోట్లాడేది. ఒప్పుకునేదాకా వదిలేది కాదు."

అదీ నిజమే. ఆమె పోట్లాడేది. నాకు పోట్లాడే ఓపిక లేదు. ఎప్పుడూ లేదు. ఆ పని ఆమె చూసుకునేది.

నేను తిరిగి వస్తుంటే వెనక నుంచి, "వాడి భుజం ఎలా ఉంది?" అని అడిగాడు. శనివారం నుంచి ఆ మాట అడగడం ఇదే మొదలు. కట్టు కట్టారని చెప్పాను.

"చూశాడు" అన్న ఒక్క మాట గట్టిగా చెప్పలేకపోతే ఖాయంగా తెలియదని రాస్తామని, అప్పుడు కేసు తేలికవుతుందని అధికారి గారు నాతో మర్యాదగానే అన్నారు. గట్టిగానే చెబుతున్నాను. చూశాడు.

అతన్ని వదిలిపెడితే పూచీ ఎవరుంటారని కూడా అడిగారు. నేనుంటాను. అతని మీద చెప్పిన సాక్షి అతనికి పూచీ ఉండకూడదన్న నియమం ఏదైనా ఉంటే చెప్పండి. కనుక్కుంటామన్నారు. కనుక్కునేదాకా ఇక్కడే కూర్చుంటాను. దుకాణం ఇవాళ తెరవలేదు.

నేను చెప్పింది నాకు చదివి వినిపించారు. అర్థమైంది. చూసింది చూసినట్టు చెప్పాను. చూడనిది కలపలేదు. ఇది నిజమని నా ఇష్టపూర్తిగా సంతకం చేస్తున్నాను.

(సంతకం)