డేటా కార్డుకు గాలి తగలాలె

నా నోరు మంచిదే, కాకపోతే దానికి బ్రేకులు లేవు. అశోక్‌నగర్‌లో నాతోపాటు కోచింగ్‌లో చేరినవాళ్లంతా ఎక్కడెక్కడో ఆఫీసర్లయి కూర్చున్నారు. నేను కృష్ణయ్య చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నాను, సీనియర్ హోదాలో. సీనియర్ అన్నాక జూనియర్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా. మొన్నొకరోజు, లాప్‌టాప్‌కు గుచ్చితే ఇంటర్నెట్ వచ్చే నా డేటా కార్డును తీసి చూపిస్తూ, "దీన్ని మూసీ అడుగున పెట్టినా నడుస్తది" అన్నాను. విన్నవాళ్లందరూ నవ్వారు. జ్యోత్స్న ఒక్కతే నమ్మింది.

నమ్మింది కాబట్టే ఇవాళ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చింది. ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపడానికి ఇదే ఆఖరు రోజు, సాయంత్రం ఐదు దాటితే వెబ్‌సైట్ మూసేస్తారు. చిక్కడపల్లి నెట్ సెంటర్‌లో సగం నింపిందో లేదో కరెంటు పోయింది. నారాయణగూడ దాకా ఉరికితే అక్కడా కరెంటు లేదు. వెంట ఆమె క్లాసువాడు కుమారస్వామి ఉన్నాడు. మాటలు తక్కువ మనిషి, చేతిలో కొత్త ఫోను.

"అన్నా, నీ డేటా కార్డు ఇయ్యవా. ఈసారి తప్పితే మా నాయిన ఊరికి రమ్మంటడు, ఇగ చదివించడు."

డేటా కార్డు నా జేబులోనే ఉంది. అందులో ఉండాల్సిన సిమ్ లేదు. మా రూములో ఇద్దరికీ కలిపి ఒకటే నెట్ సిమ్. పగలు ఎవరికి అవసరమైతే వాళ్ల ఫోన్లోకి, రాత్రి డేటా కార్డులోకి, ఇదీ మా ఆచారం. పొద్దున దాన్ని నా రూమ్మేట్ అనుదీప్ తన ఫోన్లో వేసుకుని బర్కత్‌పుర పోయాడు. నా ఫోను చార్జింగ్ లేక రూములో పడి ఉంది. కృష్ణయ్య ఫోను అడుక్కుని, హోటల్ వెనక్కి పోయి మాట్లాడితే, "బస్సెక్కుతున్నన్నా, వచ్చేసిన" అన్నాడు అనుదీప్.

మూసీ అడుగున నడిచేది సిమ్ లేక ఆగిపోయిందని ఏ నోటితో చెప్పను? వాడు వచ్చేదాకా మాటలతోనే నెట్టాలి.

"డేటా కార్డును తియ్యంగనే గుచ్చొద్దు చెల్లె," అన్నాను, దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఆకాశం వైపు ఎత్తి. "ఇంతసేపు జేబుల ఉండె. జర గాలి తగలాలె. గప్పుడే సిగ్నల్ పడ్తది."

"ఎంతసేపన్నా?"

"ఒక చాయ్ తాగేంత. అందాక ఒక ముచ్చట చెప్త విను. రెండేండ్ల కింద నేను అడిక్‌మెట్ల ఉంటుంటి. రూమంటే రూమా అది, గాలే లోపలికి రాదు, సిగ్నల్ ఏమొస్తది. నాకు గూడ నీ లెక్కనే ఆఖరు రోజు. ఏం జేసిన? డేటా కార్డుకు పొడుగు వైరు పెట్టి కిటికీల నుంచి బయటికి ఏలాడదీసిన. ఒక్క గీత వచ్చింది."

"గట్ల మేం గూడ చేస్తం," అన్నాడు కుమారస్వామి.

అప్పటిదాకా చెప్పింది నిజమే. రోడ్డు మీద అనుదీప్ కనబడి ఉంటే అక్కడే ఆగేవాణ్ని.

"ఒక్క గీతతోని ఏమైతది? మెస్సు నడిపే బాలనాగమ్మక్క కాడ అన్నం వార్చే పెద్ద చిల్లుల గిన్నె ఉండె. అది తెచ్చి డేటా కార్డు ఎనక పెట్టిన, డిష్ లెక్క. మూడు గీతలు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? బాలనాగమ్మక్క వచ్చి గిన్నె పట్టుకున్నది. ఆమె గుంజితే గీతలు తగ్గుతున్నయ్, నేను గుంజితే పెరుగుతున్నయ్. ఇట్ల గాదని గిన్నెతో సహా వాటర్ ట్యాంకు మీదికి ఎక్కిన."

"అన్నా, టైం అయితుంది," అంది జ్యోత్స్న. చాయ్ ముట్టుకోలేదు. కాలు ఒకటే ఊపుతోంది.

"అయితలేదు, విను. ట్యాంకు కాడికెల్లి పక్క బిల్డింగు దాకా బట్టలారేసే తీగ ఉండె. వైరు తీసి ఆ తీగకు చుట్టిన. ఇగ జూడు, తీగ మొత్తం సిగ్నల్ పట్టింది. దాని మీదున్న తడి లుంగీలు సర్రుమని ఆరినయ్."

"లుంగీలు సిగ్నల్‌కు ఆరుతయా?"

"మామూలు సిగ్నల్‌కు ఆరయ్. ఇది త్రీజీ."

అప్పుడే కృష్ణయ్య ఫోను మోగింది. పక్కకు పోయి మాట్లాడి వచ్చి, "ఎవరు గాదు, పాలాయన" అన్నాడు. గ్లాసు అందిస్తూ కుమారస్వామి చెవిలో ఏదో ఊదాడు. ఆ పిల్లాడు బ్యాగులోంచి వైరు తీసి ఫోనుతో ఏదో కెలుక్కుంటూ కూర్చున్నాడు, జ్యోత్స్న కూడా అటే ఒరిగింది. నాకు మనసు చివుక్కుమంది. ఈ కాలం పిల్లలకు కథ వినే మర్యాద లేదు. గొంతు పెంచాను.

"అంబర్‌పేట సిగ్నలంతా ఇటు గుంజుకొచ్చింది. ఆడ మాట్లాడుతున్నోళ్ల ఫోన్లన్ని కట్టయినయ్. జనం ఫోన్లు చేతుల పట్టుకొని, గీతలు ఎటు పోతున్నయో చూసుకుంట వాటి ఎనకనే నడిచొస్తున్నరు. బర్కత్‌పుర నుంచి ఒక బరాత్ పోతుండె. బ్యాండోళ్లు, గుర్రం మీద పెండ్లికొడుకు. ఆ గుర్రం గూడ అడిక్‌మెట్ దిక్కు మర్రింది."

"గుర్రానికి ఫోనుండెనా, రాఘవేందర్?" అన్నాడు కృష్ణయ్య.

"పెండ్లికొడుకు కాడుండె కదనే. పిల్లతోని మాట్లాడుతుంటే కట్టయింది. మర్రక ఏం జేస్తది?"

బర్కత్‌పుర వైపు నుంచి బస్సొచ్చింది. కూరగాయల సంచితో ఒకామె దిగింది. ఇంకెవరూ దిగలేదు. గుప్పిట్లో డేటా కార్డు చెమటకు జారుతోంది.

"ఇగ స్పీడు చెప్త విను. నా పేరుల మొదటి అక్షరం కొట్టిన, మిగిలింది అదే నింపుకున్నది. నాయిన పేరు, ఊరు, మండలం, నాకే తెల్వని పుట్టుమచ్చలు గూడ రాసింది. సబ్మిట్ కొడ్దామని ఏలు లేపిన. కొట్టకముందే హాల్‌టికెట్ వచ్చి పడ్డది. దాని ఎనక పరీక్ష పేపరు. పేపరెనక రిజల్టు. రిజల్టెనక జాయినింగ్ ఆర్డరు. ఆపుదామంటే ఆగుతలేదు. ఆఖరికి నా రిటైర్మెంట్ సన్మానం ఫోటో గూడ డౌన్‌లోడ్ అయింది. శాలువ కప్పుకొని కూసున్న, జుట్టంత తెల్లగ."

"మరి ఉద్యోగం?" అంది జ్యోత్స్న.

"రిటైర్ అయినంక ఇంకేం ఉద్యోగం చెల్లె."

ఆమె నవ్వలేదు. లాప్‌టాప్ నా వైపు తిప్పింది. దరఖాస్తు అందిందని, కింద నంబరుతో సహా, తెర మీద పచ్చగా ఉంది. ఐదుకింకా కొంచెం టైముంది. నేను తెరను చూశాను, నా గుప్పిటను చూసుకున్నాను.

"ఇదెట్ల పోయింది?"

"నా ఫోనుకు కేబుల్ పెట్టినం," అన్నాడు కుమారస్వామి. "టూజీనే, దీంతోని కాదనుకున్నం. పాక్కుంట పోయింది గానీ పోయింది."

"ఇందాక ఫోన్ చేసింది పాలాయన గాదు," అన్నాడు కృష్ణయ్య గ్లాసులు కడుగుతూ. "మీ అనుదీప్. ఇంక బర్కత్‌పురలనే ఉన్నడంట. సిమ్ తన కాడనే ఉన్నది, అన్నను పరేషాన్ కావద్దను అన్నడు. గందుకే వీళ్లకు వేరే తొవ్వ చూసుకొమ్మని చెప్పిన."

గుప్పిట దించాను గానీ విప్పలేదు.

"ఎప్పుడు చేసిండు?"

"నువ్వు ట్యాంకు మీద ఉన్నప్పుడు."

"గప్పుడే నాకు చెప్పొచ్చు గద."

జ్యోత్స్న లాప్‌టాప్ మూసి, చల్లారిన చాయ్ చేతిలోకి తీసుకుంది.

"అంత ఎత్తు మీదుంటివన్నా," అంది. "నడుమ పిలిస్తే పడ్తవని ఊకున్నం."