విశ్వేశ్వరరావు ఆపిన విమానం

విశ్వేశ్వరరావు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా ఇంద్రమ్మ చాయ్ డబ్బా ముందు బల్ల మీద కూలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

ఆయనది బేగంపేట విమానాశ్రయంలో ఫ్లైట్ డిస్పాచర్ ఉద్యోగం. విమానం ఏ దారిన పోవాలో, దారిలో వానుందో గాలుందో, ఇంధనం ఎంత పోయాలో లెక్కగట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే విమానం కదలదు. అలాంటి మనిషిని ఆ మధ్యాహ్నం ఒక కెప్టెన్ అందరి ముందూ "గుమాస్తా" అన్నాడు. ఆ మాట చెవిలో ఇంకా కాలుతూనే ఉంది.

"ఏంది సారూ, గట్లున్నవు?" అంది ఇంద్రమ్మ.

"ఒళ్ళు మండిపోతోందమ్మా! విశాఖపట్నం మీద మబ్బు పట్టింది, దిగలేకపోతే తిరిగి రావాలి కదా, కిరసనాయిలు ఇంకాస్త పోయించమన్నాను. విమానం తాగేదీ ఒకరకం కిరసనాయిలేలే. ఆ కెప్టెన్ ఏమన్నాడో తెలుసా? గుమాస్తావి, రాసుకో పో అన్నాడు!"

"మీరేమన్నారు?" అడిగాడు పక్కింటి పట్టాభి.

నిజానికి ఏమీ అనలేదు. ఆ ముక్క చెప్పుకోవడమెలా?

"ఏమన్నానా! కాలరు పట్టుకుని సంతకం పెట్టను పొమ్మన్నాను. వాడు మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు, మేనేజరు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి రావుగారూ మీరే దిక్కన్నాడు, ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానంలో కూర్చున్న మంత్రిగారు దిగొచ్చి, కండువాతో నా కుర్చీ తుడిచి కూర్చోమన్నారు. కూర్చోనన్నాను!"

"కూసుంటే ఏమాయె సారూ," అన్నాడు జంగయ్య. డబ్బా చుట్టూ ఉన్న కాలనీ లేచింది ఆయన చేలల్లోనే. ఉన్న కాస్త పొలం ట్రాక్టరుతో దున్నుకుంటున్నాడు.

"నువ్వుండు జంగయ్యా! అంతలో కలకత్తా విమానం దిగుతానని వైర్‌లెస్‌లో ఒకటే గోల. అసలే కోపంలో ఉన్నానా, ఆగక్కడ అని ఒక్క కేక పెట్టాను. ఆగిపోయింది! నాగోల్ మీద, దండెం మీద ఆరేసిన పంచెలాగా అట్టా వేలాడింది."

"అవ్, మా బర్లు గుడ బెదిరినయి," అన్నాడు జంగయ్య.

"బెదరవూ మరి! మబ్బే బెదిరింది. విశాఖపట్నం మబ్బుని వైర్‌లెస్‌లోకి పిలిచి నాలుగు తిట్టాను. ఏడ్చుకుంటూ ఒరిస్సా పోయింది!"

"మబ్బు పోయాక విమానాన్ని పంపొచ్చుగా రావుగారూ?" అన్నాడు పట్టాభి.

"పంపను! వాడు నా కాళ్ళు పట్టుకునేదాకా పంపను! చక్రాలకి గొలుసులు వేయించాను. రెక్క కింద కూర్చుని ఏడుస్తున్నాడు. తాళంచెవి ఇదిగో, నా జేబులో!" అని జేబు మీద చరిచాడు. లోపల ఇంటి తాళాలు గలగలమన్నాయి.

అప్పుడే పడమట నుంచి మోత మొదలైంది. గ్లాసులు వణికాయి. ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ విమానం ఒకటి డబ్బా మీదుగా తూర్పుకి పోయింది. విశ్వేశ్వరరావు తలెత్తలేదు.

"గిది విశాఖపట్నంది గాదు సారూ? రోజూ గీ యాళ్ళకే పోతది," అన్నాడు జంగయ్య. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "తాళంచెవి సారు కాడ్నే ఉండె. నూకి స్టార్ట్ చేసిర్రేమో. మా ట్రాక్టర్ గుడ గంతే."

పట్టాభికి నవ్వుతో పొరబోయింది. విశ్వేశ్వరరావు దిగ్గున లేచాడు. నిజానికి ఆ మధ్యాహ్నం కెప్టెన్ తిట్టినా, చివరికి విశ్వేశ్వరరావు అడిగినంతా పోయించాకే బయల్దేరడానికి ఒప్పుకున్నాడు. పోస్తున్నంతసేపూ విశ్వేశ్వరరావు ఎండలో పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాతే సంతకం పెట్టాడు.

"నవ్వండి!" గొంతు చీరుకుపోయేలా అరిచాడు. "అక్కడ దిగలేకపోయినా వాళ్ళంతా క్షేమంగా తిరిగొస్తారు! ఆ ఎక్కువ కిరసనాయిలు పోయించింది నేను! నేనే!"

ఆ సాయంత్రం ఆయన చెప్పినవాటిలో ఇది మాత్రం అక్షరాలా నిజం.

ఇంద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని అడిగింది:

"రేషన్ కార్డు మీద ఇచ్చిర్రా సారూ?"