పిన్ని అడిగి తెచ్చిన మాట

ఇందాక ఫోన్లో ఏమన్నావురా? మళ్లీ అను. ‘మా తాతయ్య ఫర్ ది టైమ్ బీయింగ్ మాతోనే ఉంటున్నారు’ అనే కదా? అబ్బే, కోపమెందుకు, కూర్చో. ఆ మాట చెవినపడేసరికి మా పిన్ని గుర్తొచ్చింది. మా అమ్మకి చెల్లెలు. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. సైకిల్ షాపు పైన గదిలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేది. కింద వాడు చక్రాలు బాదుతుంటే పైన ఈవిడ గొంతు... ఆ మెట్లు ఎంత నిటారుగా ఉండేవనుకున్నావ్! సరే, అదలా ఉంచు. నేనూ చేరిన ఆ క్లాసులో ఒక ఫొటోగ్రాఫరు ఉండేవాడు, ఒడ్డూ పొడుగూ మనిషి. నీకు పెళ్లయిందా అని పిన్ని ఇంగ్లీషులో అడిగితే, ఛాతీ విరుచుకుని ‘యెస్ మేడమ్, ఫర్ ది టైమ్ బీయింగ్!’ అన్నాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. పిన్ని నవ్వలేదు. చూపుడువేలు ఎత్తి, ఇదిగో ఇలా, ఇటూ అటూ ఆడించింది. అంతే, అదే ఆవిడ తిట్టు. ‘ప్రస్తుతానికి ఇలా ఉంది, ముందు ముందు మారుతుంది అనుకుంటేనే ఆ మాట వాడు నాయనా. మీ ఆవిడ వింటే నీకు అన్నం పెట్టదు’ అంది.

ఆ తర్వాతేగా నా కాలు. నేను పనిచేసే ప్రెస్సులో కాగితం రీళ్లు దింపుతుంటే ఒకటి జారి కాలి మీద పడింది. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరుకి మన భాష రాదు. ఎక్స్‌రే చూసి, వీడు నడవలేడు అని ఇంగ్లీషులో అనేసి వెళ్లిపోబోయాడు. నాకు అర్థమైంది. అమ్మకి అర్థం కాలేదు, ‘ఏమంటాడే, ఏమంటాడే’ అని పిన్ని చెయ్యి పట్టుకు ఊపేస్తోంది. పిన్ని ఏడవలేదు, బతిమాలలేదు. టైమెంతయిందని అడిగినట్టు అడిగింది: ‘ఫర్ ది టైమ్ బీయింగ్, డాక్టర్?’ ఆయన ఆగాడు. ఆ ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకి ఎత్తాడు. అబ్బ, ఎంతసేపు చూశాడో! చివరికి తలూపి, ‘యెస్. ఫర్ ది టైమ్ బీయింగ్’ అన్నాడు. అప్పుడు తిరిగింది అమ్మవైపు. ‘ప్రస్తుతానికి నడవలేడటక్కా.’ ఆ ఒక్క మాట పట్టుకునే కదా ఆ మంచం మీంచి లేచాను! లేచాక అడిగాను, ‘ఆయన కాదంటే ఏం చేసేదానివి పిన్నీ, అమ్మకి అబద్ధం చెప్పేదానివా?’ అని. ‘కాదంటే కాదనే చెప్పేదాన్నిరా, లేనిది ఎక్కణ్ణుంచి తేను’ అంది. అదీ మనిషి.

మళ్లీ అదే ఆసుపత్రి, చాలా ఏళ్లకి. ఈసారి మంచం మీద పిన్ని. మాట పడిపోయింది. కొత్త డాక్టరు, కుర్రది, నన్ను ఇంగ్లీషులోనే అడిగింది, ఈవిడ మాట్లాడుతున్నారా అని. నాకూ ఇంగ్లీషు మాట్లాడటం వచ్చేసిందిగా అప్పటికి, పిన్ని చలవే. ‘మాట్లాడటం లేదండీ, ఫర్ ది టైమ్ బీయింగ్’ అన్నాను. దుప్పటి మీద చెయ్యి కదిలింది. చూస్తే చూపుడువేలు. అదేరా, ఇటూ అటూ. కళ్లు తెరిచి నావంకే చూస్తోంది. నా కాలికి అడిగి తెచ్చిన మాట, తనకి మాత్రం పెట్టనివ్వలేదు.

ఆ... ఇంతకీ నా గురించి నువ్వన్నది... సరిగ్గానే అన్నావులే. ఆ కిటికీ మూసెయ్, చలిగాలి కొడుతోంది.