ఒక్క ఇనుప మేకు లేని ఓడ

ఆ పొద్దున కమాండరు బల్ల మీద కూర్చోబోతుంటే ఎడమ మోకాలు చుర్రుమంది. వాన వస్తుందన్నమాట. పన్నెండేళ్ళప్పుడు గాలిపటం కోసం మేడ మీంచి దూకితే ఆ మోకాల్లో స్టీలు రాడ్డు వేశారు. "మా ఆవిడ కంటే ముందొచ్చింది, మా ఆవిడలాగే రోజూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది" అని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

కమాండరు అన్నది ఆయన పేరు కాదు, హోదా అంతకన్నా కాదు. రేవు పక్కనున్న ఆ టీకొట్టులో జనం సరదాకి తగిలించిన తోక. వాళ్ళు తగిలించి మర్చిపోయారు గానీ, ఆయన మాత్రం దాన్ని ఒక్కరోజు కూడా ఊడనివ్వలేదు.

ఆ రోజు మాత్రం గడ్డం గీసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ నీళ్ళతో అణిచి వచ్చాడు. కారణముంది. యుద్ధంలో సముద్రపు మందుపాతరలు ఏరిన పాత ఓడని ఒడ్డుకి లాగి, రంగులేసి, సోమవారం నుంచి జనానికి చూపించబోతున్నారు. ఓడ మీద నిలబడి దాని కథ చెప్పడానికి ఆనాటి మనిషి ఒకడు కావాలట. ఆ మనిషిని వెతుక్కుంటూ మ్యూజియం ఆఫీసరు ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఓడ మీద నిలబడాలన్న కోరిక కమాండరుకి యాభై ఏళ్ళ నాటిది. నాలుక తడారిపోతోంది. తడారినా ఆగే నాలుక కాదనుకోండి.

"నేనేమంత గొప్పవాణ్ణి కాదు సార్, ఒట్టి మొద్దుని," అని మొదలుపెట్టాడు.

కమాండరు తగ్గాడంటే ఎగరడానికి రెండడుగులు వెనక్కి వేశాడనే అర్థం. అది తెలిసిన ఎదురుకొట్టు దర్జీ పక్కనే కూర్చుని తన టీ గ్లాసుని గట్టిగా పట్టుకున్నాడు.

"శత్రువు మన రేవు బయట మైన్లు వదిలాడు సార్. ఇనుము దగ్గరికొస్తే చాలు, పసిగట్టి పేలే రకం. మరి వాటిని ఏరే ఓడని దేంతో కట్టాలి? ఇంజనీర్లు జుట్టు పీక్కుంటున్నారు. నేనే అన్నాను, అయ్యా, మా అమ్మమ్మ మంచం చెక్కది, నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా పేలలేదు, చెక్కతో కట్టండీ అని."

"అంటే డిజైను మీదా?" అన్నాడు ఆఫీసరు.

"సలహా నాది, గీతలు వాళ్ళవి. ఒక్క ఇనుప మేకు లేదు సార్ ఆ ఓడలో! మేకులన్నీ ఇత్తడి, లంగరు కంచు, వంటవాడి గరిట కూడా చెక్కదే. గుండుసూది ఉన్నా మెట్లెక్కనిచ్చేవాళ్ళు కాదు. తాళంచెవి, చాకు, బెల్టు అన్నీ కిందే ఇచ్చెయ్యాలి. కెప్టెనైనా సరే, పంట్లాం చేత్తో పట్టుకుని ఎక్కాల్సిందే!"

ఆఫీసరు మొదటిసారి కలం తీశాడు. "ఇది నిజమే. మా కాగితాల్లో ఉంది."

ఆ ఒక్క మాటా చాలు. కమాండరు ఛాతీ అంగుళం పెరిగింది.

"మొదటి ట్రిప్పులో, ఇనుమే వచ్చిందని మైన్లు మోసపోయి దూరంగా పేలేట్టు, వెనకాల కరెంటు తీగ ఈడ్చుకుంటూ వెళ్ళాం. దూరంగా ఒక్క మైను పేలింది. ఒక్కటే. అబద్ధం ఎందుకు?"

"పోయిన వారం ఏడన్నావుగా బాబాయ్?" అంది టీకొట్టావిడ, గ్లాసులు కడుగుతూనే.

"అది మధ్యాహ్నం ట్రిప్పమ్మాయ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగ పుటుక్కున తెగింది. అటు కొస ఓ చేత్తో, ఇటు కొస ఓ చేత్తో పట్టుకుని నేనే నిలబడ్డాను. కరెంటంతా నాలోంచే పోయింది. మూడు రోజులు నోట్లో బల్బు పెడితే వెలిగేది సార్, ఓడంతా ఆ వెలుగులోనే ఉత్తరాలు చదువుకున్నారు. అప్పట్నుంచి మైన్లకి నేనంటే ఏదో మమకారం. ఒకటైతే పిల్లి పిల్లలా ఓడ వెనకాలే వచ్చేది. నేను ఛీ అంటే ఆగేది, చిటికేస్తే వచ్చేది."

"పాలు పోశావా?" అన్నాడు దర్జీ.

"మధ్యలో మాట్లాడకు. ఓరోజు నాకు తుమ్మొచ్చింది. ఆపుకున్నాను, దేశం కోసం ఆపుకున్నాను, ఎంతసేపని? తుమ్మాను. మూడొందల నలభై మైన్లు ఒకేసారి పేలాయి! అల లేచి మా ఓడని లైట్‌హౌస్ కిటికీ దాకా ఎత్తేసింది. లోపలి కాపలాదారు టీ తాగుతున్నాడు, మర్యాదస్తుడు, నాకూ ఓ కప్పిచ్చాడు. తాగేలోపు అల దిగింది, చుక్క తొణకలేదు. వారం తిరక్కుండా శత్రువు దగ్గర్నుంచి ఉత్తరం! 'అయ్యా, తమరు సెలవు మీద ఎప్పుడు వెళ్తారో చెబితే అప్పుడే యుద్ధం చేసుకుంటాం' అని!"

టీకొట్టావిడ కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతోంది. ఆఫీసరు కలం ఎప్పుడో ఆగింది.

"బాబాయ్, చిన్న అనుమానం," అన్నాడు దర్జీ నెమ్మదిగా. "గుండుసూది ఉన్నా మెట్లెక్కనివ్వరన్నావు. మరి నీ మోకాల్లో రాడ్డుని కింద ఎవరి చేతికిచ్చి ఎక్కావు?"

పాతికేళ్ళుగా ఆ బల్ల మీద కమాండరు దగ్గర లేని జవాబంటూ లేదు. ఇవాళ మాత్రం మోకాలి మీద చెయ్యేసుకుని తల దించుకున్నాడు. ఆఫీసరు ఫైలు మూశాడు.

"ఎక్కలేదు," అన్నాడు కమాండరు. "ఒక్కసారీ ఎక్కనివ్వలేదు. మెట్ల కింద చెక్క పళ్ళెం పట్టుకుని నిలబడేవాణ్ణి. వాళ్ళ చాకులూ తాళాలూ తీసుకుని, తిరిగొచ్చేదాకా కాసి, ఎవరిది వాళ్ళకిచ్చేవాణ్ణి. మూడేళ్ళు. ఓసారి వంటవాడి బెల్టు కెప్టెన్‌కిచ్చాను, ఆ మహానుభావుడు దాన్ని రెండు చుట్లు చుట్టుకుని ఇంటికెళ్ళాడు. బెల్టులు పెట్టుకుంటూ వాళ్ళు చెప్పుకున్నవే సార్, నాకు తెలిసినవన్నీ. తుమ్ము మాత్రం నా సొంతం."

ఆఫీసరు ముందుకి వంగాడు. "ఆ ఓడకి మెట్లెన్ని?"

"పద్నాలుగు. మూడోది కిర్రుమంటుంది," అన్నాడు కమాండరు, తడుముకోకుండా.

ఆఫీసరు ఫైలు మళ్ళీ తెరిచాడు. "ఓడకి రంగులేసినవాడే మాకు చెప్పాడు, మూడోది బాగుచేసినా కిర్రుమంటోందని. ఆ పళ్ళెం కథ చెప్పడానికి సోమవారం రండి. పైన నిలబడే చెబుదురుగాని."

"పైనా?" కమాండరు తన మోకాలి వైపు చూసుకున్నాడు. "ఇప్పుడు ఇనుముతో ఎక్కనిస్తారా?"

"మేం వేసిన రెయిలింగే ఇనుపది."

ఇంకేముంది, ఛాతీ మళ్ళీ లేచింది. "పద్నాలుగు మెట్లెంతండీ! కళ్ళు మూసుకుని ఒక్క గెంతులో..."

"ముందు ఆ బల్ల మీంచి లే బాబాయ్, చూద్దాం," అంది టీకొట్టావిడ.

లేవబోయాడు. మోకాలు చుర్రుమంది. దర్జీ నవ్వాపుకుంటూ చెయ్యి అందించాడు.